రక్త పరీక్షకు ముందు: చీటీ చేతికొచ్చినప్పటి నుంచి రిపోర్టు వచ్చేదాకా

రిపోర్టులో అంకె తేడాగా కనిపిస్తే మనకు మొదట ల్యాబ్ మీదే అనుమానం వస్తుంది. మెషిన్ పాతదేమో, శాంపిల్ మారిపోయిందేమో అనుకుంటాం. అలా జరగదని కాదు. కానీ పొరపాట్లలో ఎక్కువ భాగం రక్తం మెషిన్ దాకా చేరకముందే జరిగిపోతాయి. రాత్రి పదకొండింటికి పెళ్లి భోజనం చేసి పొద్దున ఆరింటికి షుగర్ టెస్టుకు చెయ్యి చాపడం, థైరాయిడ్ మాత్ర వేసుకున్న అరగంటకే థైరాయిడ్ పరీక్షకు కూర్చోవడం, జుట్టు ఊడుతోందని వాడుతున్న మాత్రల సంగతి ఎవరికీ చెప్పకపోవడం... ఇవన్నీ రిపోర్టులోకి ఎక్కుతాయి. డాక్టరుగారికి మాత్రం కాగితం మీది అంకె ఒక్కటే కనిపిస్తుంది. దాన్ని బట్టే మందు పెంచుతారు, తగ్గిస్తారు. మన వైపు నుంచి సరిచేసుకోగలిగిన పొరపాట్లివి కాబట్టి ఒక్కొక్కటీ వివరంగా చూద్దాం.

మొదట చీటీ చదవండి

డాక్టరుగారి గదిలోంచి బయటికి రాకముందే చీటీలో ఏం రాశారో అడిగి తెలుసుకోండి. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఇవి: సీబీపీ అంటే రక్తకణాల లెక్క. ఎఫ్‌బీఎస్ పరగడుపు షుగర్, పీఎల్‌బీఎస్ తిన్న తర్వాతి షుగర్. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల షుగర్ సగటును చూపిస్తుంది. ఎల్‌ఎఫ్‌టీ కాలేయానిది, ఆర్‌ఎఫ్‌టీ కిడ్నీలది. సీయూఈ అంటే మామూలు మూత్ర పరీక్ష.

వీటిలో పరగడుపు కచ్చితంగా కావాల్సింది ఎఫ్‌బీఎస్‌కు. కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. సీబీపీ, హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ లాంటివాటికి ఖాళీ కడుపు అక్కర్లేదు. కొలెస్ట్రాల్ పరీక్షకు చాలా సందర్భాల్లో పరగడుపు తప్పనిసరి కాదని ఇప్పుడు వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. అయినా ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) ఎక్కువగా ఉన్నవాళ్లను 10 నుంచి 12 గంటలు తినకుండా రమ్మంటారు. మీ డాక్టరు ఏ పద్ధతిలో కావాలన్నారో దానికే కట్టుబడండి. ముఖ్యంగా, పోయినసారి పరగడుపున ఇచ్చి ఉంటే ఈసారీ అలాగే ఇవ్వండి. లేకపోతే రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టి పోల్చలేం.

కొన్ని పరీక్షలకు వేళ ముఖ్యం. కార్టిసాల్ అనే హార్మోన్ పరీక్ష ఉదయం ఎనిమిది ప్రాంతంలో ఇవ్వాలి. టెస్టోస్టెరాన్ కూడా పొద్దునపూటే. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న ఆడవాళ్లకు రాసే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్ పరీక్షలు సాధారణంగా నెలసరి వచ్చిన రెండో రోజో, మూడో రోజో చేయించాలి. చీటీ చేతిలో ఉంది కదా అని ఏదో ఒక రోజు వెళ్తే ఆ డబ్బు వృథా.

జ్వరం పరీక్షల దగ్గర రోజుల లెక్క మరీ ముఖ్యం. వానాకాలం వచ్చిందంటే మన ఊళ్లలో ప్రతి ఇంట్లోనూ డెంగీ మాటే. వైరస్‌కు చెందిన ప్రోటీన్‌ను వెతికే డెంగీ ఎన్‌ఎస్1 పరీక్ష జ్వరం మొదలైన మొదటి అయిదు రోజుల్లోనే బాగా పనికొస్తుంది. ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను చూసే ఐజీఎం పరీక్ష అయిదో రోజు దాటాక చేస్తే మేలు. రెండో రోజునే ఐజీఎం ఒక్కటీ చేయించుకుని 'డెంగీ లేదంట' అని నిశ్చింతగా ఉండకూడదు. అలాగే టైఫాయిడ్ అనుమానం ఉంటే విడాల్ పరీక్ష మీద అంత నమ్మకం పెట్టుకోలేం. మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు, బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఇవ్వడం ఎంతో మెరుగు. ఇప్పటికే యాంటీబయాటిక్ రెండు డోసులు పడి ఉంటే ఆ మాట ల్యాబ్‌లోనూ చెప్పండి, డాక్టరుగారికీ చెప్పండి.

ప్యాకేజీల సంగతి. 'ఎనభై పరీక్షలు, సగం ధరకే' అనే ప్రకటనలు రోజూ కనిపిస్తాయి. డాక్టరు అయిదు రాస్తే అయిదే చేయించడం మంచిదని నా గట్టి అభిప్రాయం. రిపోర్టులో రాసే 'నార్మల్' హద్దులను మామూలుగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది అందులో ఇమిడేలా పెడతారు. అంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఇరవై పరీక్షలు చేస్తే ఒకటి హద్దు దాటి కనిపించే అవకాశం ఉంది. ఆ ఒక్క అంకె పట్టుకుని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడటం, మళ్లీ పరీక్షలు, మళ్లీ ఖర్చు. ఇదంతా అక్కర్లేని బాధ.

ఎక్కడ చేయించాలి

ఇంటి పక్కనే ఉందని కాకుండా రెండు విషయాలు చూడండి. ఒకటి, ఆ ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా? ఉన్నా అది ల్యాబ్‌లో చేసే ప్రతి పరీక్షకూ వర్తించకపోవచ్చు, మీరు చేయించే పరీక్షకు ఉందో లేదో అడగొచ్చు. రెండోది, రిపోర్టు కింద సంతకం ఎవరిది? పాథాలజీలో పీజీ చేసి, మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టరు సంతకం ఉండాలని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చి చెప్పింది.

షుగరు, థైరాయిడ్ లాంటి దీర్ఘకాల జబ్బులకు ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కు వెళ్లండి. ల్యాబ్ మారితే మెషిన్ మారుతుంది, పద్ధతి మారుతుంది, నార్మల్ హద్దులూ కొంచెం మారతాయి. జబ్బు కదలకపోయినా అంకె కదులుతుంది.

డబ్బు పెట్టలేనివాళ్లు వెనకాడాల్సిన పని లేదు. తెలంగాణలో పీహెచ్‌సీ, బస్తీ దవాఖానాల్లో శాంపిల్ తీసుకుని తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలకు పంపుతారు, పరీక్షలు ఉచితం. 2018లో హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఆవరణలో మొదటి కేంద్రంతో మొదలై తర్వాత జిల్లాలకు విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా పీహెచ్‌సీలు, ఏరియా ఆసుపత్రుల్లో ప్రాథమిక పరీక్షలు డబ్బు లేకుండా చేస్తారు. టీబీ అనుమానంతో కఫం పరీక్ష, సలహా ఇచ్చి పరీక్ష చేసే ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష రెండు రాష్ట్రాల్లోనూ ఉచితమే. హెచ్‌ఐవీ పరీక్షకు ముందు మీ అనుమతి అడుగుతారు, వివరాలు గోప్యంగా ఉంచుతారు. అది చట్టం ఇచ్చిన హక్కు.

బుక్ చేసేటప్పుడు

ఫోన్‌లో, యాప్‌లో, వాట్సాప్‌లో ఎలా బుక్ చేసినా చీటీ ఫొటో పంపండి. నోటితో చెప్తే థైరాయిడ్ పరీక్షల్లో 'టీ3 టీ4' అన్నది 'ఫ్రీ టీ3 ఫ్రీ టీ4' అయిపోతుంది. అవి వేర్వేరు పరీక్షలు, ధరలూ వేరు. పేరు, వయసు, ఆడా మగా అన్నవి సరిగ్గా రాయించండి. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ హద్దులు వయసును బట్టి, ఆడా మగా బట్టి మారతాయి. ఆసుపత్రి కార్డు మీద ఉన్న పేరు, ల్యాబ్‌లో చెప్పే పేరు ఒకటే ఉండాలి. 'బుజ్జమ్మ' అని ఒకచోట, అసలు పేరు ఇంకోచోట ఉంటే పాత రిపోర్టులు జతపడవు.

ఇంటికొచ్చి తీసుకునేట్టయితే ఈ నాలుగు అడగండి: రావడానికి విడిగా ఎంత తీసుకుంటారు, పీఎల్‌బీఎస్‌కు రెండోసారి వస్తారా, శాంపిల్ ఎంతసేపట్లో ల్యాబ్‌కు చేరుతుంది, రిపోర్టు ఏ నంబరుకు వస్తుంది. పరగడుపు పరీక్ష ఉంటే దొరికినంతలో మొదటి స్లాటే తీసుకోండి. ఆరున్నర అని చెప్పి తొమ్మిదింటికి వస్తే షుగర్ ఉన్న పెద్దవాళ్లు అప్పటిదాకా ఖాళీ కడుపుతో ఉండటం ప్రమాదం.

చాలా ఇళ్లలో ఇప్పుడు అమ్మానాన్నలు విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉంటారు, బుక్ చేసేది డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు. ఓటీపీ పిల్లల ఫోన్‌కు వెళ్తుంది, 'పరగడుపున ఉండండి' అనే మెసేజ్ కూడా అక్కడికే వెళ్తుంది. అమ్మకు మాత్రం ఎవరూ చెప్పరు. ఆవిడ తెల్లవారగానే అలవాటు ప్రకారం కాఫీ తాగేస్తుంది. కాబట్టి బుక్ చేసేటప్పుడు వాళ్ల నంబరే ఇవ్వండి, కుదరకపోతే ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి విడమరిచి చెప్పండి: "అమ్మా, రేపు పొద్దున ఆరున్నరకు రక్తం తీసే అబ్బాయి వస్తాడు. రాత్రి ఎనిమిదిన్నరకల్లా తినేసెయ్. పొద్దున కాఫీ వద్దు, మంచినీళ్లు మాత్రం తాగు. థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకో. బీపీ మాత్ర మామూలుగానే వేసుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు." ఇలా ఒక్కో పని పేరు పెట్టి చెప్పాలి. ఊరికే 'ఫాస్టింగ్' అంటే చాలామంది పెద్దవాళ్లు నీళ్లు కూడా ముట్టకుండా కూర్చుంటారు.

ముందురోజు

నీళ్లతో మొదలుపెడదాం, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ అపోహ ఇక్కడే ఉంది. పరగడుపు పరీక్షకు మంచినీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా. రాత్రంతా నీళ్లు లేకపోతే నరాలు కుంచించుకుపోతాయి, సూది రెండు మూడు చోట్ల గుచ్చాల్సి వస్తుంది. పొద్దున లేచి ఒక గ్లాసు, బయల్దేరే ముందు ఇంకో గ్లాసు తాగండి. ఇంకేమీ వద్దు: చక్కెర లేని టీ, బ్లాక్ కాఫీ, నిమ్మరసం, కొబ్బరినీళ్లు, మజ్జిగ, చూయింగ్ గమ్, వక్కపొడి, సిగరెట్, ఏవీ కుదరవు.

రాత్రి భోజనం మామూలుగా చేయండి. రేపు టెస్టు ఉంది కదా అని రెండు రోజులు అన్నం మానేసి చపాతీలతో సరిపెట్టుకుంటే రిపోర్టు అందంగా వస్తుంది కానీ మీ అసలు పరిస్థితి అందులో ఉండదు. ఆ రిపోర్టు చూసి డాక్టరుగారు మందు తగ్గిస్తే నష్టపోయేది మీరే. మద్యం కనీసం ఒక రోజు ముందు నుంచి మానాలి, ట్రైగ్లిజరైడ్లు బాగా పెరుగుతాయి. జిమ్‌లో కొత్తగా బరువులెత్తడం, పొలంలో అలవాటు లేని పని చేయడం ముందురోజు వద్దు. కండరాలు దెబ్బతిన్నప్పుడు కొన్ని ఎంజైములు పెరిగి కాలేయం జబ్బేమోననే అనుమానం కలిగిస్తాయి. ఎనిమిది గంటలు మంచిదైతే పదహారు ఇంకా మంచిదని కూడా అనుకోకండి. పన్నెండు, పద్నాలుగు దాటితే ఫలితాలు వేరే రకంగా తేడా చేస్తాయి. ఏకాదశి ఉపవాసం, రంజాన్ రోజా ఉన్న రోజుల్లో అత్యవసరం కాని పరీక్షలు వాయిదా వేసుకోవచ్చు.

మందుల విషయంలో సొంత నిర్ణయాలు వద్దు. ఒక్కొక్కదాని సంగతి ఇదీ:

థైరాయిడ్ మాత్ర శాంపిల్ ఇచ్చాకే వేసుకోవాలి. ముందు వేసుకుంటే ఫ్రీ టీ4 కొన్ని గంటలపాటు ఎక్కువగా చూపిస్తుంది.

షుగర్ మాత్ర, ఇన్సులిన్ ఖాళీ కడుపుతో తీసుకోకూడదు. ఎఫ్‌బీఎస్ ఇచ్చాక టిఫిన్‌తో పాటు రోజూలాగే తీసుకోవాలి. మధ్యలో వణుకు, చెమటలు, కళ్లు తిరగడం మొదలైతే పరీక్ష పక్కన పెట్టి వెంటనే చక్కెరో గ్లూకోజో తీసుకోండి. పరీక్ష రేపైనా చేసుకోవచ్చు.

బయోటిన్ చాలామందికి తెలియని తిరకాసు. జుట్టు, గోళ్ల కోసం అమ్మే మాత్రల్లో ఇది పెద్ద మోతాదులో ఉంటుంది. కొన్ని రకాల మెషిన్లలో ఇది థైరాయిడ్‌ను నడిపే హార్మోన్ టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపించి లేని థైరాయిడ్ జబ్బును ఉన్నట్టు చేస్తుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. డోసు పెద్దదైతే ఇంకా ముందే ఆపాల్సి రావచ్చు, డాక్టరుగారిని అడగండి.

ఐరన్ మాత్ర వాడుతూ ఐరన్ పరీక్షే చేయించుకుంటుంటే ఒక రోజు ముందు నుంచి ఆపమంటారు. రక్తం పలుచబడే మందులు మాత్రం ఆపొద్దు. వాడుతున్నామని సూది గుచ్చేవాళ్లకు చెబితే చాలు, వాళ్లు ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటారు.

తిన్న తర్వాతి షుగర్

పీఎల్‌బీఎస్ దగ్గర జరిగినన్ని పొరపాట్లు ఇంకెక్కడా జరగవు. రెండు గంటల లెక్క మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి. చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. ఏడున్నరకు ఇడ్లీ మొదలుపెడితే తొమ్మిదిన్నరకు రక్తం తీయాలి. అంటే తొమ్మిది గంటల పది నిమిషాలకల్లా ల్యాబ్‌లో ఉండాలి, ఎందుకంటే అక్కడా వరుస ఉంటుంది. గడియారం చూసి కాగితం మీద రాసుకోండి.

టిఫిన్ రోజూ తినేదే, రోజూ తినేంతే తినండి. నాలుగు ఇడ్లీలు తినే మనిషి ఆ రోజు ఒకటిన్నరతో లేచిపోతే పరీక్షకు అర్థం లేదు. ల్యాబ్ పక్క హోటల్లో పూరీ, బొండా, పైన స్వీటు తిన్నా అంతే. పది, పదిహేను నిమిషాల్లో ముగించండి. ఆ రెండు గంటల్లో మళ్లీ టీ బిస్కెట్లు వద్దు, చెమట పట్టేలా నడవడమూ వద్దు.

గర్భిణులకు చేసేది వేరు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 75 గ్రాముల గ్లూకోజును నీళ్లలో కలిపి తాగించి రెండు గంటల తర్వాత చూస్తారు. ఈ పద్ధతిలో పరగడుపు అక్కర్లేదు. 140 గానీ ఆపైన గానీ వస్తే గర్భధారణ షుగర్‌గా భావిస్తారు. తాగిన అరగంటలోపు వాంతి అయితే దాచిపెట్టకుండా చెప్పండి, ఇంకో రోజు మళ్లీ చేస్తారు.

ఇంట్లో మనం పట్టి ఇచ్చే శాంపిల్స్

మూత్రం కల్చర్‌కు ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ డబ్బానే వాడాలి. ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. ముందు శుభ్రంగా నీళ్లతో కడుక్కుని, మొదట వచ్చే మూత్రం వదిలేసి, మధ్యలోది పట్టాలి. డబ్బా లోపలికి వేలు తగలకూడదు, మూత నేల మీద బోర్లించకూడదు. గంట, మహా అయితే రెండు గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి. ఆలస్యమయ్యేట్టుంటే కవర్‌లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయట వేడికి వదిలేస్తే క్రిములు డబ్బాలోనే పెరిగి లేని ఇన్‌ఫెక్షన్ చూపిస్తాయి. నెలసరి రోజుల్లో వీలైతే వాయిదా వేయండి.

24 గంటల మూత్రం అడిగితే, ఉదయం ఏడింటికి మొదటిది బయట వదిలేయాలి. ఆ తర్వాత ప్రతిసారీ పట్టి, మర్నాడు ఏడింటిది కూడా కలిపి ముగించాలి. ఒక్కసారి మరిచిపోయినా మళ్లీ మొదటి నుంచి చేయడమే మంచిది.

మలం శాంపిల్‌లో మూత్రం, టాయిలెట్ నీళ్లు కలవకూడదు. కఫం పరీక్షకు పొద్దున లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, గట్టిగా ఊపిరి తీసి, ఛాతీలోంచి దగ్గి తీయాలి. ఉమ్మి ఇస్తే తిప్పి పంపుతారు. ఈ పని గాలి ఆడే చోట, నలుగురికీ దూరంగా చేయండి. వీర్య పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా విరామం కావాలి. ల్యాబ్‌లోనే ఇవ్వడం మేలు, ఇంట్లో అయితే గంటలోపు ఒంటి వెచ్చదనం పోకుండా చేర్చాలి.

సూది గుచ్చేటప్పుడు

వదులు చేతుల బట్టలు వేసుకోండి. బిగుతు చేతుల జాకెట్ పైకి లాగితే, రక్తం తీసేటప్పుడు జబ్బకు కట్టే కట్టుకు తోడు అదే ఇంకో కట్టులా పనిచేస్తుంది. వెళ్లిన వెంటనే మెట్లెక్కిన ఆయాసంతో కాకుండా ఓ పది నిమిషాలు కూర్చుని ఇవ్వండి. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన వైపు చేతిలో, డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతిలో తీయనివ్వకండి. సెలైన్ ఎక్కుతున్న చేతిలో కూడా అంతే. ఆ సెలైన్ నీరే శాంపిల్‌లోకి వస్తుంది. ఉదయం ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సెలైన్ పెట్టించుకుని ఉంటే ఆ సంగతి చెప్పాలి.

జబ్బకు కట్టు కట్టాక నిమిషం దాటకుండా రక్తం తీయాలి. 'పిడికిలి బిగించండి' అంటే ఒకసారి మెల్లగా మూసి ఉంచండి, చాలు. పదే పదే మూసి తెరిస్తే పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

ట్యూబుల మూతల రంగు ఊరికే పెట్టలేదు. ఊదా రంగు సీబీపీకి, బూడిద రంగు షుగర్‌కు. బూడిద ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేకపోతే బయటికి తీసిన రక్తంలోని కణాలు గ్లూకోజును గంటకు 5 నుంచి 7 శాతం దాకా తినేస్తూ ఉంటాయి. ఒక్కో ట్యూబుకు రెండు నుంచి నాలుగు మిల్లీలీటర్లు. మూడు ట్యూబులు కలిపినా రెండు చెంచాలే, ఒంట్లో ఉన్నది సుమారు అయిదు లీటర్లు. 'రక్తమంతా లాగేస్తున్నారు' అని భయపడే పెద్దవాళ్లకు ఈ లెక్క చెప్పండి.

ఈ ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి: కొత్త సూది మీ కళ్లముందే విప్పేలా చూడండి, ట్యూబు మీద మీ పేరు రాయడమో స్టిక్కర్ అంటించడమో మీ దగ్గరే జరిగేలా చూడండి. ఆ అబ్బాయి ట్యూబులు జేబులో వేసుకుని 'కిందకెళ్లి అంటిస్తానండీ' అంటే మర్యాదగానే ఆపి ఇక్కడే అంటించమనండి. ఇంట్లో ఇద్దరు ఇస్తున్నప్పుడు ఇది మరీ అవసరం.

సూది చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ముందే చెప్పి పడుకుని ఇవ్వండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. పిల్లల్ని 'ఏం కాదు, నొప్పే ఉండదు' అని మభ్యపెట్టొద్దు. 'చీమ కుట్టినట్టుంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది' అని చెప్పి ఒళ్లో కూర్చోబెట్టుకుని చెయ్యి కదలకుండా పట్టుకోండి. రెండుసార్లు గుచ్చినా నరం దొరకకపోతే ఇంకొకర్ని పిలవమని అడిగే హక్కు మీకుంది.

తీశాక దూదిని మూడు నుంచి అయిదు నిమిషాలు నొక్కి పట్టండి, చెయ్యి చాపే ఉంచండి. మోచేతి దగ్గర మడిస్తే లోపల రక్తం కారి నల్లగా కములుతుంది. ఆ చేత్తో కాసేపు బరువులెత్తకండి.

రిపోర్టు వచ్చాక

ముందు పేరు, వయసు, శాంపిల్ తీసిన సమయం చూడండి. తర్వాతే అంకెలు. ఎరుపు రంగులో ఉన్న ప్రతిదీ జబ్బు కాదు, హద్దుకు దగ్గరగా ఉన్నది పాత రిపోర్టుతో పోల్చి చూడాలి. ప్లేట్‌లెట్లు మరీ తక్కువగా వచ్చి మనిషి మాత్రం హుషారుగా ఉంటే, స్లైడ్ మీద మైక్రోస్కోపుతో చూశారా అని అడగండి. కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు ఆ ఊదా ట్యూబులో గుంపులుగా అతుక్కుని మెషిన్‌కు తక్కువగా లెక్కకొస్తాయి. హెచ్‌బీఏ1సీ, ఇంట్లో రోజూ చూసుకునే షుగర్ ఒకదానికొకటి పొంతన లేకపోతే రక్తహీనత ఉందేమో, ఈ మధ్య రక్తం ఎక్కించారేమో డాక్టరుగారికి గుర్తుచేయండి.

ల్యాబ్ నుంచి ఫోన్ చేసి 'వెంటనే డాక్టరును కలవండి' అన్నారంటే సాయంత్రం ఓపీ దాకా ఆగొద్దు. పొటాషియం, షుగర్, హిమోగ్లోబిన్ ప్రమాదకరంగా ఉన్నప్పుడే అలా పిలుస్తారు. మిగతా సందర్భాల్లో, అంకె మీ ఒంటి తీరుకు ఏమాత్రం పొసగకపోతే, మందు మార్చకముందే ఇంకోసారి పరీక్ష చేయిద్దామా అని డాక్టరుగారిని అడగండి. ఆ అడిగేటప్పుడు ముందురోజు ఎన్నింటికి తిన్నారో, ఏ మందు ఎప్పుడు వేసుకున్నారో చెప్పగలిగితే ఆయనకు సగం పని తేలికవుతుంది. అందుకే ఆ రెండు వివరాలూ రిపోర్టు వెనకవైపే పెన్నుతో రాసి, తేదీ వరుసలో ఫైల్‌లో పెట్టుకోండి.